తొండ తాతకు మర్యాద పోచ

మోటబావి మీదికి వంగిన తుమ్మకొమ్మలకు గిజిగాళ్ల గూళ్లు వేలాడుతుండేవి. గిజిగాడి గూడంటే మాటలా! పైన పిల్లలుండే గది, దాని కింద నీళ్ల మీదికి దిగే పొడవాటి గొట్టం. లోపలికి పోవాలంటే ఆ గొట్టం ఒక్కటే దారి. పాము ప్రయత్నించినా పట్టు దొరక్క బావిలో పడాల్సిందే. ఆ గూళ్లలో ఒకటి రెల్లమ్మది. అల్లింది ఆమె మొగుడు పసుపయ్య. లోపల మట్టి మెత్తి, గుడ్లు పొదిగి, ఇద్దరు పిల్లల్ని కళ్లు తెరిపించింది రెల్లమ్మ.

పసుపయ్యకు ఒక జబ్బుంది. అది మగ గిజిగాళ్లందరికీ ఉన్నదే లెండి. ఒక గూడు పూర్తయ్యీ కాకముందే ఇంకో కొమ్మకు ఇంకోటి మొదలుపెడతాడు. ఈసారి మొదలుపెట్టినవాడు అక్కడే ఉండిపోయాడు. రెల్లమ్మ ఏడ్చింది, తిట్టింది, చివరికి "నీ దారి నీది, నా దారి నాది" అనేసింది. ఆలుమగల సంగతి అక్కడికి తెగిపోయింది. తెగనిదల్లా పిల్లల సంగతే.

"అల్లింది నేను. గూడు నాది, గూట్లో పిల్లలు నావాళ్లు. వాళ్ల మేత నేనే పెడతా" అన్నాడు పసుపయ్య.

"పొదిగింది నేను. నా పిల్లల నోటికి నీ మేత అక్కర్లేదు" అంది రెల్లమ్మ.

ఆ అరుపులకు తొట్టి దగ్గర నెమరేస్తున్న ముసలెద్దు బసవయ్య తలెత్తాడు.

"అమ్మాయ్ రెల్లమ్మా, నేనూ నా జోడీ పడక కుమ్ముకున్నవాళ్లమే. కాడి విప్పాక ఎవరి గుంజ వాళ్లదయింది. కానీ గాడి ఒక్కటే కదా, మేసేటప్పుడు పక్కపక్కనే నిలబడతాం. పో, వాడికి ఎదురుగా కూర్చుని మాట్లాడు."

"ఆ మొహం చూస్తే మాట రాదు మావా. పొడవాలనిపిస్తుంది."

తుమ్మ మొదట్లో ఒక తొండ ఉండేవాడు. ఎవరేం చెప్పినా కళ్లు అరమోడ్చి గంభీరంగా తల ఊపేవాడు. ఆ ఊపు చూసే అందరూ అతన్ని పెద్దమనిషని నమ్మారు. తలలో ఏముందో ఎవరూ అడగలేదు.

"మీరిద్దరూ ఒకచోట కూర్చుంటే మాటామాటా పెరుగుతుందమ్మా," అన్నాడు తొండ తాత. "విడివిడిగా నాతో చెప్పుకోండి. అటు మాట ఇటు, ఇటు మాట అటు చేరవేసి నేనొక దారి చూపిస్తా."

"మీకేం ఇచ్చుకోవాలి తాతగారూ?"

"పిల్లల తిండి నాకెందుకు తల్లీ? కూర్చున్నప్పుడల్లా మర్యాదకు ఒక్క గడ్డిపోచ. అదీ గదిలోది వద్దు, పాపం పసివాళ్లుంటారు. కింద ఊరికే వేలాడే ఆ గొట్టంలోంచి తీసివ్వు, చాలు."

గడ్డిపోచే కదా! రెల్లమ్మ ప్రాణం లేచొచ్చింది. ఎద్దుకు మాత్రం నచ్చలేదు. "పిట్టపోరు పిట్టపోరు పిల్లి తీర్చిందని ఊరికే అన్నారా?" అని గొణిగాడు.

"ఈయన పిల్లి కాదుగా మావా, తొండ!" అంది రెల్లమ్మ.

కూర్చోవడాలు మొదలయ్యాయి. రెల్లమ్మ తన గోడు చెప్పుకుంటే తొండ తాత తల ఊపేవాడు. "నిజమే తల్లీ. కన్నతల్లి తర్వాతే ఎవరైనా. గట్టిగా నిలబడు" అనేవాడు. అవతలి కొమ్మ మీద పసుపయ్య చెప్పినా అదే ఊపు. "నిజమే అబ్బాయ్. గూడు కట్టినవాడి మాటే చెల్లాలి. పట్టు వదలకు." ఎవరికి వాళ్లు గెలుపు తమదేనని పొంగిపోయి ఒక పోచ లాగి ఇచ్చేవాళ్లు. రెల్లమ్మ మేతకు పోయినప్పుడు పసుపయ్య వచ్చి అదే గొట్టంలోంచి లాగేవాడని ఆమెకు తెలియదు. ఆమె లాగుతోందని అతనికీ తెలియదు.

ఒక సాయంత్రం ఒంటిచేత్తో రెండు నోళ్లకు మేత అందించలేక రెల్లమ్మ సొమ్మసిల్లింది. చిన్నవాడు ఆకలికి ఏడ్చి ఏడ్చి గొంతు పోగొట్టుకున్నాడు. ఆమె మనసు కరిగింది.

"పోనీ తాతగారూ, పొద్దుటి మేత ఆయన్నే పెట్టమనండి. నేను ఒప్పుకున్నానని చెప్పండి."

తొండ తాత తల ఊపడం ఆగిపోయింది. అన్నాళ్లలో అదే మొదటిసారి.

"తొందరపడకమ్మా. ఇవాళ పొద్దుటి మేత అంటాడు, రేపు పిల్లల్నే అంటాడు. ఇంకొక్కసారి కూర్చుందాం."

పిచ్చితల్లి, ఆ మాట నమ్మింది. నమ్మి ఇంకో పోచ లాగి ఇచ్చింది.

వానలు వెళ్లిపోయాయి. రెల్లు పూసి ఎండిపోయింది. ఒకనాటి మధ్యాహ్నం రెల్లమ్మ గూటి ఎదుటి కొమ్మ మీద వాలి చూస్తే గొట్టం లేదు. ఉన్నదల్లా జానెడు కూడా లేని మొండి. రివ్వున ఎగిరిపోయి రెల్లు పోచ తెచ్చి ముడి వేయబోతే ముక్కులోనే పుటుక్కున విరిగింది. ఇంకోటి తెచ్చింది, అదీ విరిగింది. పచ్చిగా ఉన్నప్పుడే పోచ వంగుతుంది, అల్లుకుంటుంది. ఎండినదాన్ని ఏ గిజిగాడూ అల్లలేడు.

లోపల పిల్లలు ఆకలికి అరుస్తున్నారు. "తాతగారితో చెప్పి రేపే తేల్చేసుకుంటా" అనుకుంటూ మేతకు పోయింది.

మిడతను నోట కరుచుకుని తిరిగొచ్చేసరికి, తన గూటి లోపలికి గరుకు తోక ఒకటి జారిపోతోంది.

మిడత బావిలో పడింది. "ఏమయ్యోవ్! రావయ్యా! పిల్లలు!" అని అరిచింది రెల్లమ్మ. విడిపోయాక ఆమె పసుపయ్యను పిలవడం అదే మొదటిసారి. అతను రెండో మాట అనకుండా వచ్చాడు. ఇద్దరూ కలిసి ఆ తోకను రక్తం కారేలా పొడిచారు. తొండ బయటపడి పైకొమ్మకు ఎగబాకాడు. అతని గొంతు ఉబ్బి ఉంది. గూట్లో ఒక మూల, మట్టి మెత్తిన గోడకు అతుక్కుని ఒక్క పిల్లే మిగిలింది. చిన్నవాడు లేడు.

తొండ తాత గుటక మింగాడు.

"నా మీద కోపమెందుకు? ఒక్క పోచైనా నేను పీకానా? లోపలికి దారి వేసింది మీరిద్దరూ. పిల్లల్ని పంచుకోవడం చేతగాకే కదా నన్ను పిలిచారు. ఇక పంచుకునే బాధ లేదు." తల ఊపుకుంటూ కొమ్మ దిగి వెళ్లిపోయాడు.

పసుపయ్య తెగిన గొట్టం మొండి దగ్గర వాలాడు.

"పొద్దుటి మేత నేను తెస్తా."

"సాయంత్రం నేను తెస్తా. రాత్రి నా రెక్క కింద పడుకుంటాడు."

"సరే. నువ్వు మేతకు పోయినప్పుడు గుమ్మం దగ్గర నేనుంటా."

"సరే."

అంతే. బసవయ్య నోట్లోని నెమరు ముద్ద నమలడం ఇంకా పూర్తి కాలేదు. ఆ పిట్టల వైపు చూడలేక అతను తల తిప్పుకున్నాడు.

నీతి: ఎదురుగా చెప్పుకోవాల్సిన మాటకు మధ్యన మనిషిని పెట్టుకుంటే, వాడి కూలి మన పిల్లల గూట్లోంచే పోతుంది.