ఒక్కసారే పిలిచే పంతులమ్మ

అనగా అనగా ఒక పర్ర. పర్రకి ఇటు ఊరు, అటు ఉప్పు మళ్ళు, నడుమ ఉప్పుటేరు. ఎప్పటి మాట అంటారా, అడిగినవాళ్ళ ముత్తవ్వకి ముత్తవ్వ పుట్టకముందు మాట.

పర్ర చూడనివాళ్ళకి చెప్పాలి. సముద్రం పోటు మీద ఉంటే అది నీళ్ళు, పోటు తీస్తే బురద. దాన్ని దాటడానికి ఒక్కటే బాట. ఆ బాట ఉప్పుటేటి రేవులో దిగి అవతల మిట్ట మీదికి ఎక్కుతుంది. పోటు లేనప్పుడు రేవులో చీలమండ లోతు. పోటు వచ్చిందా, నిలువెత్తు మనిషి మునిగిపోతాడు. చలికాలం పొద్దున మంచు దిగితే చాచిన చెయ్యి చాచినవాళ్ళకే కనపడదు.

ఆ ఊళ్ళో ఒక పంతులమ్మ ఉండేది. ఏ దిక్కు నుంచి వచ్చిందో ఎవరూ అడగలేదు. ఒక చేట, ఒక కర్ర, తండ్రి దగ్గర నేర్చుకున్న నాలుగు అక్షరాలు తెచ్చుకుంది. "ఉప్పు మోసేవాళ్ళ పిల్లలకి చదువెందుకమ్మా?" అన్నారు ఊళ్ళోవాళ్ళు. "మోసే బస్తా మీద ఏం రాసుందో తెలుసుకుని మోస్తారు" అంది. అవతల మిట్ట మీద పాత ఉప్పు కొట్టు ఒకటి ఖాళీగా ఉంటే, అందులో బడి పెట్టింది.

పలకలు లేవు. చేటలో ఉప్పు పరిచి దాని మీద వేలితో దిద్దించేది. చలికి పగిలిన వేళ్ళాయె. తప్పు రాసినా మండేది, ఒప్పు రాసినా మండేది. అందుకే ఆవిడ దగ్గర దిద్దిన అక్షరం ఎవరూ మరిచిపోలేదని తర్వాత నవ్వుకునేవారు.

బళ్ళో తొమ్మిది మంది పిల్లలు. రోజూ పొద్దున్నే వాళ్ళని వెంటబెట్టుకుని పర్ర దాటేది. ముందు తను కర్రతో బురద పొడుచుకుంటూ, వెనక పిల్లలు. రేవు దాటి మిట్ట ఎక్కాక పేర్లు పిలిచేది. గంగులు. సూరమ్మ. పోలయ్య. లోవ. ఆ తర్వాత తక్కిన ఐదుగురు. ఒక్కో పేరూ ఒక్కసారి పిలిచేది. పలికేదాకా ఆగేది. రెండోసారి పిలిచేది కాదు.

"రెండోసారి పిలిస్తే ఏం పోయిందండీ?" అని గంగులు ఒకరోజు అడిగాడు. వాడికి నోరు ఎక్కువ.

"నేను పిలిచేది నిన్నే అని నీకు ఒక్కసారికి తెలియదా?" అంది. ఆ మాట మీద అంత పట్టుదల ఆవిడకి.

లోవ ఆ తొమ్మిది మందిలో చిన్నది. ఏడేళ్ళు. తల్లి లేదు, మామ్మ పెంచింది. పంతులమ్మ అంటే లోవకి ప్రాణం. అక్షరం కుదరకపోతే పంతులమ్మ లోవ వేలి మీద తన వేలు పెట్టి దిద్దించేది. లోవకి అక్షరం వచ్చినా రానట్టు ఉండేది, ఆ వేలు కోసం.

ఒక చలికాలం రాత్రి మామ్మ లోవని పక్కలో వేసుకుని చెప్పింది. "ఒసే, మంచు పడ్డప్పుడు పర్ర మీద గాలి తిరుగుద్ది. తెలిసినోళ్ళ గొంతు పెట్టుకుని పిలుస్తది. ఒక్కసారే పిలుస్తది. మనిషైతే మూడుసార్లు పిలుస్తాడు. మూడోసారి పిలిచేదాకా పలక్కు. పలికావా, దాని ఎనకాల పోతావు."

"సరే మామ్మా" అంది లోవ.

మర్నాడు పొద్దున మంచు దిగింది. ముందు నడిచేవాళ్ళు వెనకవాళ్ళకి కనపడలేదు. పిల్లలు రేవు దాటారు, మిట్ట ఎక్కారు. పంతులమ్మ పేర్లు మొదలుపెట్టింది. మంచులో ఆ గొంతు వేరేగా ఉంది. దగ్గర నుంచే వస్తోంది, ఎక్కడో దూరం నుంచి వచ్చినట్టు ఉంది.

"గంగులు." "ఉన్నానమ్మా."

"సూరమ్మ." "ఉన్నానమ్మా."

"పోలయ్య." "ఉన్నానమ్మా."

"లోవ."

లోవ అక్కడే ఉంది. నాలుగడుగుల దూరంలో, మిట్ట మీద, ఉప్పు కుప్ప పక్కన. నోరు తెరవబోయింది. మామ్మ మాట గుర్తొచ్చింది. ఒక్కసారే పిలిచింది కదా, ఇంకోసారి పిలవనీ అనుకుంది. నోరు మూసుకుని నిలబడింది.

పంతులమ్మ ఆగింది. చాలాసేపు ఆగింది. రెండోసారి పిలవలేదు. తర్వాత కర్ర కదిలిన చప్పుడు. రేవులో నీళ్ళ చప్పుడు. పిల్ల అవతలి ఒడ్డున ఉండిపోయిందనుకుని వెనక్కి దిగింది ఆవిడ. అప్పటికే పోటు తగులుతోంది. లోవకి సంగతి అర్థమైంది. అరవాలనుకుంది. గొంతు రాలేదు.

మంచు విడేసరికి రేవు నిండా నీళ్ళు. కర్ర ఒక్కటే బురదలో నిలబడి దొరికింది. మనిషి దొరకలేదు.

ఊరంతా లోవ చుట్టూ చేరింది. "ఎక్కడున్నావే? నిన్నే వెతుక్కుంటూ దిగిందంట కదా?"

లోవ ఏడుస్తూ చెప్పింది. "నేను ఎనకబడ్డాను. పంతులమ్మగారే నన్ను ఒడ్డుకి తోసేశారు."

ఊరంతా కన్నీళ్ళు పెట్టుకుంది. పిల్లని బతికించి తను పోయిందన్నారు. లోవని ఎత్తుకుని ముద్దులు పెట్టుకున్నారు. లోవ పరికిణీ మోకాళ్ళ దాకా కూడా తడవలేదు. అది ఎవరూ చూడలేదు. మామ్మ చూసింది. చూసి, పిల్లని లోపలికి తీసుకుపోయి తలుపు వేసింది. మామ్మ బతికున్నన్నాళ్ళూ ఆ ఇద్దరూ ఆ మాట ఎత్తలేదు.

మరుసటి చలికాలం వచ్చింది. మొదటి మంచు పొద్దున, రేవు వైపు నుంచి పిలుపు వినపడింది.

"గంగులు."

ఊరు తలుపులు మూసుకుంది. గంగులు ఆ వేళకి పర్ర మీద దారి తప్పి ఉన్నాడు. అలవాటు కొద్దీ "ఉన్నానమ్మా" అనేశాడు. అన్న మరుక్షణం కాలి కింద బాట తగిలింది. గుడ్డివాడి చెయ్యి పట్టుకుని నడిపించినట్టు ఇంటికి వచ్చి పడ్డాడు. దయ్యం పిలుపుకి పలికినవాడు మూడు రోజుల్లో పోతాడని ఊరు కాచుకుని కూర్చుంది. గంగులు మూడు రోజులూ మూడు పూటలా సుబ్బరంగా తిన్నాడు.

రెండో ఏడు సూరమ్మ పలికింది. బాట దొరికింది. మూడో ఏడు పోలయ్య పలికాడు. బాట దొరికింది. అప్పటినుంచి ఊరికి భయం తగ్గింది. పంతులమ్మ పిల్లల్ని కాచుకుంటోందన్నారు.

కానీ ఆపైన ఏటా ఆ పిలుపు నాలుగో పేరు దగ్గరే ఆగేది.

"లోవ."

ఒక్కసారి పిలిచేది. పలికేదాకా ఆగేది. రెండోసారి పిలిచేది కాదు. ఐదో పేరు వచ్చేది కాదు. మంచు విడేదాకా పర్ర మీద ఆ ఎదురుచూపే ఉండేది. ఆ నిశ్శబ్దంలో పక్షి కూడా కూసేది కాదు.

లోవ ఎప్పుడూ పలకలేదు. మంచు పొద్దుల్లో ఇంట్లో రోకలి అందుకునేది. వడ్లు లేకపోతే ఊక దంచేది. చప్పుడు చెవుల్లో నిండితే చాలు. పెద్దదైంది, ఆ ఊళ్ళోనే పెళ్ళయింది, మొగుడు చేపల వేటకి పోయేవాడు. ఒక కూతురు పుట్టింది. మరిడి అని పేరు పెట్టుకుంది. పిల్లకి మాటలు వచ్చిన దగ్గరనుంచీ ఒకటే చెప్పేది. "పర్ర మీద ఎవరు పిలిచినా పలక్కు. ఒక్కసారి పిలిచినా పలక్కు, మూడుసార్లు పిలిచినా పలక్కు. నేను పిలిచినా సరే పలక్కు. ఇన్నావా?"

"నువ్వు పిలిచినా పలకొద్దా?"

"పలకొద్దు."

పలికితే ఆ పిలుపు పిల్లని లాక్కుని పోతుందని లోవ భయం. తను పడిన బాకీ అలా తీర్చుకుంటుందని భయం. పాపం, పంతులమ్మని అంత ప్రేమించిన పిల్లే, పంతులమ్మ గురించి అలా అనుకుంది.

మరిడికి ఏడేళ్ళు వచ్చాయి. అప్పటికి ఆ ఉప్పు కొట్టులో గంగులే పాఠాలు చెబుతున్నాడు. చేటలో ఉప్పు పోసే దిద్దించేవాడు. పేర్లు మాత్రం మూడేసిసార్లు పిలిచేవాడు, పిల్లలకి ఇళ్ళలో నేర్పిన భయం తెలుసు కనుక.

ఒక పొద్దున పిల్లల్ని తీసుకుని బయల్దేరాడు. సగం దారిలో ఎన్నడూ చూడనంత మంచు దిగింది. రేవు దాటకుండానే పిల్లల్ని వెనక్కి మళ్ళించాడు. ఊరి ఒడ్డుకి వచ్చి పేర్లు పిలిచాడు. అందరూ పలికారు. మరిడి పలకలేదు.

కబురు తెలిసి లోవ చేతిలో రోకలి వదిలేసి పరుగెత్తింది. ఊరంతా పర్ర అంచుకి చేరింది. బురదలో నీళ్ళు జరజరా పాకుతున్న చప్పుడు మొదలైంది. పోటు.

"మరిడీ!" లోవ పిలిచింది. పలుకు లేదు.

"మరిడీ, అమ్మనే!" పలుకు లేదు.

"మరిడీ, నా తల్లీ, పలకవే!" పలుకు లేదు.

లోవకి తెలిసిపోయింది. పిల్ల వింటోంది. విని నోరు మూసుకుని నిలబడింది. చెప్పినమాట వినే పిల్ల అది. ఎక్కడ నిలబడిందో తెలియకుండా ఎటని దిగడం? పోలయ్య దిగబోతే నడుము దాకా ఊబిలో కూరుకుపోయాడు. నలుగురూ లాగారు.

అప్పుడు మంచులోంచి వచ్చింది.

"గంగులు."

గంగులు పలికాడు. "ఉన్నానమ్మా."

"సూరమ్మ." "ఉన్నానమ్మా."

"పోలయ్య." "ఉన్నానమ్మా."

"లోవ."

నీళ్ళ చప్పుడు ఆగినట్టయింది. ఇన్నేళ్ళుగా ఆగిన చోటే ఆగింది ఆ పిలుపు. లోవ రెండు చేతులతో చెవులు మూసుకుంది. మూసుకున్నా ఆ ఎదురుచూపు వినపడుతోంది. కోపం లేదు అందులో. చేట ముందు కూర్చోబెట్టి, అక్షరం వచ్చేదాకా ఓపిక పట్టేదే, అదే ఓపిక.

లోవ చేతులు దించింది.

"ఉన్నానమ్మా" అంది.

తర్వాత, ఊరంతా వింటుండగా చెప్పింది. "అప్పుడూ ఉన్నానమ్మా. మిట్ట మీదే ఉన్నాను. ఉప్పు కుప్ప పక్కనే ఉన్నాను. మీరు పిలిచింది ఇన్నాను. పలకలేదు. నన్ను మీరు ఒడ్డుకి తొయ్యలేదు, నేను అబద్ధం చెప్పాను. నా పిల్లకి కూడా పలకొద్దని నేర్పాను. దాన్ని ఏం చెయ్యకండమ్మా. మీ బళ్ళో దాని పేరు లేదు. రాసుకోండి. మరిడి దాని పేరు."

పక్కనున్న సూరమ్మ లోవ వైపు చూసి, చూపు తిప్పుకుంది.

అప్పుడు పర్ర మీద ఐదో పేరు వినపడింది. ఇరవై ఏళ్ళలో మొదటిసారి.

"అచ్చమ్మ."

ఆ తొమ్మిది మందిలో ఒకతె అచ్చమ్మ, తనకి పదేళ్ళప్పుడే విషజ్వరం వచ్చి పోయింది. అయినా మంచులోంచి పదేళ్ళ పిల్ల గొంతు పలికింది. "ఉన్నానమ్మా." అచ్చమ్మ తల్లి ఉన్నచోటే కూలబడి, చీర కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

ఆరో పేరు, ఏడో పేరు, ఎనిమిదో పేరు, తొమ్మిదో పేరు. ఒడ్డున ఉన్నవాళ్ళు ఒడ్డునుంచి పలికారు. లేనివాళ్ళు మంచులోంచి పలికారు. తొమ్మిదో పేరుతో పేర్ల పట్టీ అయిపోవాలి.

అవలేదు.

"మరిడి."

ఒక్కసారి పిలిచింది. ఆగింది.

"ఉన్నానమ్మా."

ఎడమ పక్క నుంచి, నీళ్ళ మధ్యనుంచి, సన్నగా. లోవ ఆ గొంతు వైపు దిగింది. అడుగు వేసిన చోటల్లా గట్టి నేల తగిలింది. ఎన్నడూ బాట లేని చోటు అది. పది బారల దూరంలో పిల్ల చిన్న దిబ్బ మీద నిలబడి ఉంది. నీళ్ళు దాని మోకాళ్ళకి వచ్చాయి. కుడి చెయ్యి ఎవరో పట్టుకున్నట్టు పక్కకి చాచి ఉంది.

లోవ పిల్లని ఎత్తుకుంది. "నేను మూడుసార్లు పిలిచాను కదే, పలకలేదేం?"

"నువ్వు పలకొద్దన్నావు కదా."

"మరి ఆవిడ పిలిస్తే పలికావే?"

"నువ్వు పలికావు కదమ్మా. అందుకని" అంది మరిడి. తర్వాత భుజం మీద తల పెట్టుకుని చెప్పింది. "నువ్వు వచ్చేదాకా ఆవిడ నా చెయ్యి వదల్లేదు. నా వేలు పట్టుకుని నీళ్ళ మీద ఏదో రాయించింది."

ఇద్దరూ ఒడ్డుకి వచ్చారు. ఊరు మూడు రోజులు లోవతో మాట్లాడలేదు. ఆ మాత్రం కోపం ఊరికి ఉండదా? నాలుగో రోజు సూరమ్మ వచ్చి గుమ్మంలో నిలబడింది. "రేపు మళ్ళలో ఉప్పు గోకాలి. వస్తావా, మళ్ళీ మూడుసార్లు పిలవాలా?" అంది. లోవ ఒక్క పిలుపుకే లేచింది.

ఆ తర్వాత గంగులు బళ్ళో పేర్లు ఒక్కసారే పిలవడం మొదలుపెట్టాడు. ఇళ్ళల్లో ముసలమ్మలు పిల్లలకి మూడో పిలుపు సంగతి చెప్పడం మానేశారు. పంతులమ్మ పిలుపు మాత్రం మానలేదు. మంచు పొద్దుల్లో పట్టీ మొదటినుంచి చివరిదాకా సాగేది. ఏడాదికేడాది పేర్లు పెరిగేవి.

లోవ చాలా ఏళ్ళు బతికింది. పండు ముసలిదైంది. ఒక వేసవి మిట్టమధ్యాహ్నం, మంచు మాటే లేని ఎండలో, వాకిట్లో నులక మంచం మీద పడుకుని ఉంది. మరిడి పక్కన కూర్చుని విసురుతోంది. ఉన్నట్టుండి లోవ తల ఎత్తింది. ఎవరూ ఏమీ అనలేదు. మరిడికి ఏ చప్పుడూ వినపడలేదు.

"ఉన్నానమ్మా" అంది లోవ, చిన్నపిల్లలా తొందరగా. అని తల వాల్చేసింది.

ఇప్పటికీ ఆ పర్ర పక్క ఊళ్ళో బిడ్డకి పేరు పెట్టేనాడు, ఇంట్లో ఎవరూ వినకముందే తల్లి బిడ్డని రేవు దగ్గరికి ఎత్తుకుపోతుంది. నీళ్ళకేసి తిరిగి ఆ పేరు ఒక్కసారి చెప్పి వస్తుంది. మంచు పొద్దున ఆ ఊరి పిల్లలు పర్ర దాటితే తల్లులు భయపడరు. వేరే ఊళ్ళలో పిల్లల్ని అన్నానికి పది కేకలు వెయ్యాలి, అక్కడ ఒక్క కేక చాలు. ఆ ఊళ్ళో ఎవరైనా కన్నుమూస్తే పోయారని అనరు. చావు కబురు చెప్పడానికి వచ్చినవాడు గుమ్మం బయటే నిలబడి, "పెద్దావిడని పిలిచారండీ, పలికింది" అంటాడు. ఎవరు పిలిచారని ఆ ఊళ్ళో ఎవరూ అడగరు.