మడుగు గట్టున మెరిక చదివిన కథ

అనగనగా ఒక అడవిలో, వాగులన్నీ ఎండిపోయి ఒకే ఒక్క మడుగు మిగిలిన వేసవి. ఆ మడుగు గట్టు మీద, గులకరాళ్ళ మధ్య ఒక పడుచు తీతువు ఉండేది. దాని పేరు మెరిక.

పిల్లలూ, తీతువు కూస్తే కీడు అంటారు కదా? ఒట్టి మాట. కీడే ముందు వస్తుంది. తీతువు దాన్ని చూసి కూస్తుంది. చేసినవాణ్ణి వదిలేసి చూసినవాళ్ళను తిట్టడం లోకంలో ఉన్నదే.

మెరికకు చదువు పిచ్చి. అడవిలో పుస్తకాలేముంటాయి? బురదే పుస్తకం. తెల్లవారేసరికి గట్టంతా అడుగుజాడలు. ఏ కుందేలు దేన్ని చూసి బెదిరిందో, ఏ పందులు దెబ్బలాడుకున్నాయో, ఏ ముసలి దున్న ఎక్కడ ఆగి ఊపిరి తీసుకుందో, అన్నీ చదివేది. గుడ్డులోంచి బయటపడ్డ నాటి నుంచి దానికదే పని.

ఆ వేసవిలో పులిరాజు అందరినీ పిలిచి ప్రమాణం చేశాడు. "ఉన్నది ఒక్క మడుగు. ఇక్కడ ఎవరి మీదా పంజా ఎత్తను. నిశ్చింతగా తాగండి."

జింకలు జేజేలు కొట్టాయి. ఆ మర్నాటి నుంచి రాజుగారి నక్క పొద్దున్నే ఈతమట్ట నోట కరుచుకుని వచ్చి గట్టు ఊడ్చేది.

"ఈ ఊడుపేమిటి నక్కబావా?" అని కుందేళ్ళు అడిగితే, "శుభ్రత!" అనేది.

కానీ మెరిక అంతకన్నా ముందే లేచేది. నక్క చెరపకముందే చదివేది. కొన్ని జాడలు మడుగు దాకా వచ్చేవి. తిరిగి వెళ్ళేవి కావు.

మెరికకు ఒళ్ళు మండిపోయింది. ఇంత పెద్ద అన్యాయం గురించి చెప్పాలంటే పెద్ద పెద్ద మాటలే కావాలనుకుంది. ఊరి దారిలో ఊరేగింపులు చూసొచ్చిన చిలుకల దగ్గర నినాదాలు నేర్చుకుంది. బండ ఎక్కి అరిచింది.

"లేవండి! కదలండి! చీకటిని చీల్చండి! రేపటి సూర్యుడు మనవాడే!"

ఒక ముసలి జింక గడ్డి నమలడం ఆపింది. "చీకటిని ఎలా చీలుస్తారే పిల్లా? కొమ్ములతోనా?"

"ఇవన్నీ చిలుకలు మొన్ననే చెప్పాయిలే. గొంతు మాత్రం నీదే బాగుంది," అంది ఇంకో జింక.

అందరూ నవ్వుకుంటూ నీళ్ళకు పోయారు.

మెరిక ఊరుకుందా? కోయిల దగ్గరికి పోయి, గుండెలు కరిగే పాటలన్నీ బట్టీపట్టింది. సాయంత్రం గట్టున పాడింది. "ఓ మడుగమ్మా, నీ నీళ్ళన్నీ కన్నీళ్ళమ్మా!"

ఈసారి జింకలు నిజంగానే ఏడ్చాయి. ఏడ్చి, "ఎంత హాయిగా ఉందే! మళ్ళీ పాడు!" అన్నాయి. నక్క కూడా తలూపింది. "భేష్! ఇలాంటివే పాడుతుండు తల్లీ. ఎవరికీ ఏ ఇబ్బందీ లేదు."

ఆ మెచ్చుకోలు మెరికకు చెంపదెబ్బలా తగిలింది.

మర్నాడు తెల్లవారుతూనే చుక్కమ్మ అనే జింక పరిగెత్తుకుంటూ వచ్చింది. దాని పిల్ల కుంటిది. ఎడమ వెనకకాలు ఈడ్చి నడుస్తుంది. "నా బిడ్డ కనబడటం లేదు. ఎవరైనా చూశారా?"

మట్ట కరుచుకుని అప్పుడే వచ్చిన నక్క దాన్ని కింద పెట్టి, తీయగా అంది. "కొండ అవతలి మందతో వెళ్ళిపోయి ఉంటుందమ్మా. పిల్లలు కదా!"

మెరిక గట్టు వైపు చూసింది. చదివింది. గబగబా బండ ఎక్కి, "లేవండి! కదలండి..." అని మొదలుపెట్టింది.

"కేకలు వద్దు తల్లీ," అంది చుక్కమ్మ. "నా బిడ్డ ఏమైందో చెప్పు. చాలు."

మెరిక బండ దిగింది. నక్క మట్ట అందుకుని ఊడ్చేలోగా జాడల ముందుకు ఉరికి, రెక్కలు రెండూ బార్లా చాపి నిలబడింది.

"తప్పుకో, అపశకునపు పిట్టా!"

"తప్పుకోను. చెరపాలంటే నన్ను తొక్కి పో!"

అంటూనే గొంతు చించుకుని కూసింది. ఆ కూతకు జింకలు, దున్నలు, పందులు అన్నీ వచ్చాయి. అప్పుడు మెరిక మెల్లగా, ఒక్కో జాడ దగ్గరా ఆగుతూ చదివింది.

"ఇదిగో చిన్న గిట్ట. ఎడమ వెనకది ఈడ్చుకుంటూ వచ్చింది. ఇక్కడ ఆగి అటూ ఇటూ చూసింది. ఇక్కడ ముందుకాళ్ళు ఎడంగా పెట్టి నీళ్ళు తాగింది. ఆ తుంగ వెనక చూడండి, గడ్డి అణిగిపోయి ఉంది. ఎవరో చాలాసేపు పడుకున్నారు. ఇవి పెద్ద పాదాలు. కుడి పాదానికి ఒక వేలి గుర్తు లేదు. ఇక్కడ ఒక్క దూకు. ఇక్కడి నుంచి చిన్న గిట్టలు లేవు."

అంతే. ఆ పాదాలు ఎవరివో చెప్పలేదు. అన్యాయం అన్న మాట కూడా వాడలేదు.

అవతలి తుంగలోంచి పులిరాజు గర్జిస్తూ వచ్చాడు. "ఎవరే ఆ కట్టుకథలు చెప్పేది? పీక నులిమేస్తా!"

మెరిక రెక్క దించలేదు. "నేనే. ఇంకా చదవడం అయిపోలేదు రాజా. ఇప్పుడు మీరు నడిచొచ్చిన చోటు చదువుతాను."

అందరి కళ్ళూ బురద మీదికి పోయాయి. తడి తడిగా, కొత్త జాడలు. కుడి పాదానికి ఒక వేలి గుర్తు లేదు.

ముందుగా ముసలి దున్న కొమ్ములు దించింది. దాని పక్కన ఇంకొకటి. వాటి పక్కన కొమ్ముల జింకలన్నీ. పొంచి ఉండి దూకేవాడికి ఎదురుగా వచ్చే మందను చూస్తే ఏం తోస్తుంది? పులి ఒక అడుగు వెనక్కి వేశాడు. ఆ తర్వాత తిరిగి చూడకుండా కొండ దాటాడు. నక్క వాడికన్నా ముందే దాటింది.

ఆ రోజు నుంచి మందలన్నీ మిట్టమధ్యాహ్నం కలిసే నీళ్ళకు వచ్చేవి. పిల్లలు లోపల, కొమ్ములు బయట.

ఆ పొద్దున మాత్రం, అందరూ వెళ్ళాక చుక్కమ్మ గట్టునే నిలబడింది.

"మెరికా, నా బిడ్డ నీళ్ళు తాగిందన్నావే, ఆ ముక్క మళ్ళీ చదువు."

మెరిక ఆ జాడ దగ్గర కూర్చుని చూసింది. "ముందుగిట్టలు లోతుగా దిగాయమ్మా. కదలకుండా చాలాసేపు నిలబడింది. కడుపునిండా తాగింది."

చుక్కమ్మ ఆ జాడను ముక్కుతో తాకింది.

నీతి: కళ్ళు పెట్టి చదివినవాళ్ళే కథ చెప్పగలరు. చెప్పేటప్పుడు అరువు మాటలు అవతల పారేసి, చూసింది చూసినట్టు చెప్పాలి, పులి పక్కనే నిలబడి వింటున్నా సరే.