గీతలో తప్పిన దారి

పిల్లలూ, ఇంతవరకు ఏ మనిషికీ చెప్పని మాట ఒకటి మీకు చెప్తాను. మా అన్నలిద్దరినీ మాంత్రికుడు రాళ్లు చేశాడని ఊళ్లో అందరూ అంటారు కదా? చేసింది వాడే. కానీ వాడి దాకా నడిపించింది నేను.

మొదటినుంచీ చెప్తాను, వినండి.

అనగా అనగా గుట్టలకోట అని ఒక పట్నం. ఆ పట్నానికో రాజు. ఆయనకి ముగ్గురు పిల్లలు. పెద్దవాడు జయధ్వజుడు, రెండోవాడు నీలధ్వజుడు, మూడోదాన్ని నేను, కువలయని. పట్నం చుట్టూ ఏడు కొండమిట్టలు. వాటి మీద మూడు వింతలు. ఒకటి గొడుగురాయి, రెండు పాలధార, మూడు చుక్కలగుహ. అందరూ వాటి పేర్లు చెప్పేవాళ్లే గాని దగ్గరికెళ్లి చూసినవాళ్లు లేరు.

మా ఊరికి ఒక జబ్బుండేది. దారి అడిగితే ఎవరూ తెలియదనేవారు కాదు. తెలియదనడం నామోషీ. "చుక్కలగుహకి ఎటు వెళ్లాలి తాతా?" అంటే ఒక తాత తూర్పుకి చెయ్యి చూపేవాడు. పక్కింటి తాత పడమరకి చూపేవాడు. ఇద్దరూ ఆ గుహ చూసినవాళ్లు కారు.

నాకూ ఆ జబ్బే. ఎవరూ నేర్పకుండానే పటాలు గీయడం నేర్చుకున్నాను. మేడ మీద కూర్చుని కొండల వంక చూస్తూ గీసేదాన్ని. గొడుగురాయి కనిపించేది, గీశాను. పాలధార తెల్లగా కనిపించేది, గీశాను. చుక్కలగుహ కనిపించేది కాదు. ఆ మూల పటం బోసిగా ఉంది. బాగాలేదని ధారకి ఎడమ పక్కనుంచి ఒక దారి గీసేశాను. అందంగా ఉంటుందని పక్కన రెండు చెట్లు కూడా వేశాను.

ఒకరోజు నాన్నగారు కొలువులో అన్నారు. "చుట్టూ ఉన్న కొండలే ఎరగనివాడు కొండల కింది ఊరినేం ఏలతాడు? మూడు వింతలూ చూసి వచ్చినవాడిదే సింహాసనం."

అన్నలిద్దరూ బయల్దేరారు. పెద్దన్నయ్య నా పటం చుట్టి నడుముకి కట్టుకుని, "మా చెల్లెలి పటం ఉండగా మాకేం భయం!" అన్నాడు. "ఆ మూల నేను చూడలేదన్నయ్యా" అందామనుకున్నాను. నోరు రాలేదు.

నెల గడిచింది. రెండు నెలలు గడిచాయి. మూడో నెల నేను చేతికర్ర తీసుకున్నాను.

"ఎక్కడికే?" అంది అమ్మ.

"అన్నయ్యల కోసం."

"వెతకబోయిన సేనాపతే ఉత్తచేతుల్తో తిరిగొచ్చేశాడు. నువ్వెళ్లి ఏం చేస్తావు?"

"వాళ్లు దొరికేదాకా నడుస్తాను."

అమ్మ లోపలికి వెళ్లింది. అటుకులూ బెల్లమూ మూటకట్టి ఇచ్చింది.

నడిచాను, నడిచాను, మొదటి మిట్టెక్కాను. గొడుగురాయి కింద ఒక ఉడుము. తోక రాతిపలక కింద ఇరుక్కుంది. కర్రతో పలకెత్తాను.

"బతికించావు తల్లీ. ఎటు ప్రయాణం?"

"చుక్కలగుహకి. దారి తెలుసా?"

"పాలధార దాకా తెలుసు. ఆ తర్వాత తెలియదు."

నాకు నవ్వొచ్చింది. "తెలియదనడానికి సిగ్గెయ్యలేదూ?"

"తెలియనిది తెలియదంటే సిగ్గెందుకే పిచ్చిదానా? తెలుసని చెప్పి నిన్ను లోయలో పడేస్తే సిగ్గు గాని!" అంది ఉడుము. తనకి తెలిసినంత మేరా ముందు నడిచి, ధార చప్పుడు వినిపించగానే ఆగిపోయింది.

పాలధార దగ్గర ఒక నీటికాకి. రెక్క ముళ్లపొదలో చిక్కుకుంది. ముళ్లు ఒక్కొక్కటే తీశాను.

"చుక్కలగుహకి దారి తెలుసా?"

"ఏడో మిట్ట దాకా తెలుసు. ఆ తర్వాత తెలియదు."

అది పైన ఎగిరింది. నేను కింద నడిచాను. ధారకి ఎడమ పక్క చూశాను. నేను గీసిన చోట దారి లేదు, చెట్లూ లేవు. నిలువునా బండ. బండ అంచున రెండు జతల పాదాల గుర్తులు. అన్నయ్యలు ఇక్కడిదాకా వచ్చి, దారి కనబడక, ఎటో తిరిగిపోయారు. నా గీతే వాళ్లనిక్కడికి తెచ్చింది. అయినా ఆగలేదు.

ఏడో మిట్ట మీద ఒక ముసలి గబ్బిలం నేలమీద పడి కొట్టుకుంటోంది. ఎత్తి కొమ్మకి తగిలించాను.

"నీ అన్నల కోసం వచ్చావు కదూ? నాకు చూపు తక్కువ గాని చెవులు చురుకు. అన్నీ విన్నాను" అంది. "దిగువన వంకరదండుడనే మాంత్రికుడున్నాడు. వాడి ప్రాణం పంజరంలో చిలకలో ఉంది. ఆ చిలక అడిగినవాడికల్లా తప్పుదారి చెప్తుంది. ఆ దారిన మూడు మలుపులు తిరిగేసరికి మనిషి రాయవుతాడు. రాయికొక ఏడాది చొప్పున వాడి ఆయుష్షు పెరుగుతుంది."

"చిలక మెడ నులిమేస్తే?"

"రాళ్లు ఇక రాళ్లే. దాని నోటంట 'తెలియదు' అనే మాట రావాలి. అప్పుడే వాడి ఆట కట్టు."

"ఆ మాట దానిచేత ఎలా అనిపించాలి?"

"అది నాకు తెలియదమ్మా" అంది గబ్బిలం.

దిగువకి దిగాను. వందల రాళ్లు. అన్నిటికన్నా ఇవతల రెండు రాళ్లు. ముందు రాయి వెనక్కి చెయ్యి చాచి, వెనక రాయి చెయ్యి పట్టుకుని ఉంది. ముందు రాయి నడుముకి నా పటం.

కొమ్మకి వేలాడే పంజరంలోంచి చిలక అరిచింది. "ఎటు పోవాలి? ఎటు పోవాలి? కుడికి పో! కుడికి పో!"

నేను కదల్లేదు. పంజరం ముందు చతికిలబడ్డాను. "తెలియదు అను" అన్నాను.

"ఎడమకి పో!"

"తెలియదు అను."

"తిన్నగా పో!"

మొదటిరోజంతా బుజ్జగించాను. రెండోరోజంతా బెదిరించాను. మూడోరోజుకి అటుకులైపోయాయి, గొంతు పోయింది. ఇంటికి పోదామని మాత్రం అనిపించలేదు. అన్నయ్యల వంక చూశాను. అప్పుడు దానికి పాఠం చెప్పడం మానేసి నా సంగతి చెప్పాను.

"చిలకా, ఆ దారి నాకు తెలియదు. తెలియకుండానే గీశాను. పటం బోసిగా ఉందని గీశాను. మా అన్నయ్యలు నమ్మారు."

చిలక మొదటిసారి నోరు మూసుకుంది. తల పక్కకి వంచి నన్నే చూసింది. దాని ముందు నిలబడి అలాంటి మాట అన్నవాళ్లు అంతకుముందు లేరు.

అప్పుడే వంకరదండుడు వచ్చాడు. నేను రాయి వెనక దాక్కున్నాను. మనుషులు తప్పిపోవాలని కొండల్లో దారులన్నీ వాడే మెలికలు తిప్పాడు, చివరికి వాడి ఇల్లు వాడికే దొరికేది కాదు. రోజూ చిలకనే అడిగేవాడు. వాడొక్కడికే అది నిజం చెప్పేది.

"కాళ్లు పీకుతున్నాయే చిలకా! ఇంటికెటు?"

చిలక నా వైపు చూసింది. "నాకు తెలియదు" అంది.

వాడు మేకంత అయ్యాడు.

"ఏమన్నావే?"

"నాకు తెలియదు."

పిల్లి అంత అయ్యాడు.

"నా చిలకవి కాదూ, నా తల్లివి కాదూ, చెప్పవే!"

"తెలియదంటే తెలియదు!"

గుప్పెడు దుమ్మయ్యాడు. గాలొచ్చి ఎత్తుకుపోయింది.

రాళ్లన్నీ ఒళ్లు విరుచుకున్నాయి. కొందరు తుమ్మారు. పెద్దన్నయ్య కళ్లు తెరిచి, నన్ను చూసి ఏడ్చేశాడు. "నీ పటం సరిగానే ఉందమ్మా. నేనే ఎక్కడో దారి తప్పాను. తమ్ముణ్ణి కూడా చంపబోయాను."

కాదన్నయ్యా అందామని నోరు తెరిచాను. అందరూ నన్ను భుజాలకెత్తుకున్నారు. ఆ కేకల్లో నోరు మూసేశాను.

చిలకని వదిలేసి, అందరం కలిసి వెతుక్కుంటూ వెళ్లి చుక్కలగుహ చూశాం. లోపల చీకట్లో కప్పంతా మెరుపురాళ్లు. రాయి నుంచి లేచినవాళ్లలో పొరుగు రాజకుమారుడు సోమదత్తుడు ఉన్నాడు. "ఇవి ఎన్ని ఉంటాయి?" అని అడిగాను. "ఎవరికి తెలుసు? లెక్కపెడదామా?" అన్నాడు. పెళ్లాడితే ఇతన్నే పెళ్లాడాలనుకున్నాను. ఊరికి తిరిగొచ్చాక ఏడు రోజులు పెళ్లి జరిగింది.

పెద్దన్నయ్య సింహాసనం వద్దన్నాడు. "సొంత తమ్ముణ్ణే దారి తప్పించినవాణ్ణి, ఊరినేం నడుపుతాను?" అన్నాడు. చిన్నన్నయ్య "చెల్లాయే ఏలాలి" అన్నాడు. ఏలాను. ముప్పై ఏళ్లయింది. వానలు కురిశాయి, పంటలు పండాయి. ఇప్పుడు మా ఊళ్లో దారి అడిగితే తెలిసినంత మేరా తోడొస్తారు, తెలియని చోట ఆగి చెప్తారు.

పెద్దన్నయ్య మాత్రం గొడుగురాయి కింద గుడిసె వేసుకున్నాడు. వచ్చేపోయేవాళ్లకి మంచినీళ్లిస్తాడు. పిల్లలు పాలధార దాకా రమ్మని చెయ్యి పట్టుకు లాగినా అడుగు ముందుకెయ్యడు. "నా వెనక ఎవరూ రావద్దు" అంటాడు. జుట్టంతా నెరిసింది. ఆ మాట అన్నప్పుడల్లా నేను పక్కనే ఉండి కూడా ఊరుకున్నాను.

ఇక ఊరుకోను. కోట బురుజు మీద నిలబడి, అరచేతులు నోటికి దోనెలా పెట్టి పిలిస్తే గొంతు గొడుగురాయి దాకా పోతుంది. లేవండి పిల్లలూ, దారివ్వండి. అన్నయ్యని పిలుస్తాను. నువ్వు దారి తప్పలేదు, నేనే తప్పు గీశానని చెప్తాను. ఆ కేక ఊరంతా వింటుంది. విననీ.