హారనమ్మ మలుపు

చింతలగెడ్డ ఘాట్ రోడ్డులో పదకొండో మలుపు దగ్గర ఒక రాతి అరుగు, దాని మీద పసుపు పూసిన గేదె కొమ్ము ఉంటాయి. విగ్రహం లేదు. ఈ తల్లి పేరు హారనమ్మ. అమ్మవారికి ఇంగ్లీషు పేరేమిటని కొత్తవారు నవ్వుతారు. కాస్త నిదానంగా చూద్దాం. హారన్ అంటే ఇంగ్లీషువారికి మొదట పశువు కొమ్మే. వారి పెద్దలు ఆ కొమ్మునే తొలిచి ఊది, దూరంగా ఉన్నవారిని హెచ్చరించేవారు. తరువాత కొమ్ము పోయి ఇత్తడి వచ్చింది, ఆపైన రబ్బరు బుడ్డి, కరెంటు వచ్చాయి. పేరు మాత్రం అదే నిలిచింది.

పూర్వం ఇక్కడ, రోడ్డు వేసిన కొత్తల్లో, గొల్లల గుడిసెలు ఉండేవి. ఇంటింటా కొమ్ముబూర ఉన్నా, పులి కనబడితేనే ఊదాలని కట్టుబాటు. ఊరికే ఊదినవారిని కొండ తీసుకుపోతుందని భయం.

ఆ ఇళ్లలో అప్పలకొండ అనే కోడలికి కలలో ఒక ముసలమ్మ కనబడి, "సంతరోజు మలుపు మీద బూర ఊదు. బస్సు ఆగేదాకా ఆపకు" అంది. తెల్లవారి ఆ మాట అత్త సన్యాసమ్మకు చెప్పింది.

"పులి నేకుండా ఊదుతావేటే? కొండ నిన్నే అట్టుకుపోద్ది!"

"అమ్మ సెప్పింది గదత్తా."

"ఏ అమ్మ? మీయమ్మేనా? బతికున్నప్పుడూ నిన్ను తిన్నగా పడుకోనీనేదు!"

సంతరోజున వాన, మంచు. అప్పలకొండ బూరను కొంగులో దాచుకుని మలుపు చేరింది. రోడ్డు మీద వేలు పట్టేంత పగులు కనబడింది. చూస్తుండగానే చెయ్యి పట్టేంత అయింది. కింద నలభైమందితో బస్సు మూలుగుతూ ఎక్కి వస్తోంది. అరిస్తే వాన హోరులో వినబడదు. లోయ అంచున నిలబడి ఊదితేనే కింది మలుపుకు అందుతుంది. ఆ అంచు పగులుకు అవతల ఉంది.

ఆమె పగులు దాటింది. నోరెండిపోయి మొదటిసారి బూర పలకలేదు. రెండోసారి కొండంతా మోగింది.

గుడిసెల్లో టపటపా తలుపులు పడ్డాయి. పులి వచ్చిందనుకున్నారు, ఒక్కరూ రాలేదు. అది తమ ఇంటి బూరేనని సన్యాసమ్మ పోల్చుకుంది. అయినా గడియ తీయలేదు.

బస్సు ఆగింది. ఆగామని తెలిసేలా డ్రైవరు రబ్బరు హారన్ నొక్కాడు. అది విని అప్పలకొండ బూర దించింది. అంతలోనే ఆమె కాళ్లకింది రోడ్డు లోయలోకి జారిపోయింది.

మూడురోజులు వెతికితే కొమ్ము ఒక్కటే దొరికింది. దాన్ని ఇక్కడ నిలిపి, బతికి బయటపడినవారే హారనమ్మ అని పేరు పెట్టుకున్నారు. మొదటి పూజ సన్యాసమ్మ చేసింది. చనిపోయేదాకా ఆమె మళ్లీ తలుపు గడియ వేసుకోలేదంటారు.

నేటికీ ప్రతి బండీ ఇక్కడ మూడుసార్లు హారన్ కొట్టి, ఇంజను ఆపి, లోయవైపు చెవి పెడుతుంది. లోయలోంచి బూర జవాబు రాకపోతే తల్లి సెలవిచ్చినట్టే. క్షేమంగా ఇల్లు చేరతారు. జవాబు వచ్చిందా, ఎంత తొందరపని ఉన్నా ఆ బండిలో ఒక్కరూ కూర్చోరు.