చుక్కి సాకిన ఆస్టిల్బే

అనగనగా, మబ్బులు నేలకి దిగి నడిచే ఒక కొండ అడవిలో చుక్కి అనే ఉడుత ఉండేది. ఒకరోజు దారిన పోయే బాతమ్మ దాని చేతిలో ఒక పిలక పెట్టింది.

"దీన్ని ఆస్టిల్బే అంటారమ్మా. పూసిందంటే గులాబిరంగు ఈకల కుచ్చులే! మా చెరువుగట్టు వరదకి కొట్టుకుపోయింది. మిగిలింది ఈ ఒక్క పిలకే. తిరిగేదాన్ని, నాకు తోటెక్కడిది? నువ్వే బతికించాలి" అంది.

చుక్కి పిలకని రెండు చేతులా పొదివి పట్టుకుంది. ఇది పోతే ఇక ఈ పువ్వే లేదన్నమాట!

చుక్కికి ఎండంటే ప్రాణం. పొద్దున్నే బండమీద బోర్లాపడి వీపు కాచుకుంటుంది. అందుకే ఆ బండ పక్కనే, ఎండ బాగా తగిలేచోట మొక్కని నాటింది. మధ్యాహ్నానికల్లా ఆకుల అంచులు మాడిన అప్పడాలయ్యాయి.

"ఏం మరదలా, మొక్కని వేపుడు చేస్తున్నావా?" అని నీటిగుంటలోంచి బుడ్డన్న కప్ప బెకబెకా నవ్వాడు. "నీళ్లలో ముంచు. నన్ను చూడు, ఎంత నిగనిగలాడుతున్నానో!"

నిజమే కాబోలనుకుని చుక్కి దాన్ని గుంటలో మెడదాకా దించింది. కొన్నాళ్లకి వేరు మెత్తబడి కుళ్లువాసన కొట్టింది.

"ఇక నా పద్ధతే మేలు" అనుకుంది చుక్కి. గింజలు దాచుకున్నట్టు మొక్కని లోతుగా పాతింది. ఉడుత కదా, ఊరుకుంటుందా? వేరు పట్టిందా లేదా అని పూటపూటా తవ్వి చూసింది. పట్టబోయిన వేరు పట్టబోయినట్టే తెగేది.

చివరికి ఒకే ఒక్క ఆకు మిగిలింది.

చుక్కి మొక్కని ఒళ్లో పెట్టుకుని, ఏడ్చి ఏడ్చి, వాగుగట్టున పొద నీడలో కూలబడింది. అక్కడ మట్టి చల్లగా, తడితడిగా ఉంది. మొక్క ఒళ్లోంచి ఆ మట్టిమీదకి జారింది. కాసేపటికి ఆ వాలిన ఆకు మెల్లగా తలెత్తింది.

చుక్కి కళ్లు తుడుచుకుంది. "ఇక్కడ బాగుందా తల్లీ? నీకేం కావాలో నేను చూడనేలేదు కదూ!"

అక్కడే నాటింది. మొక్క మొదలు చుట్టూ చివికిన ఆకులు కప్పింది. మట్టి ఆరకుండా రోజూ నీళ్లు చిలకరించింది. తవ్వాలని చేతులు దురద పెడితే వాటిమీదే కూర్చునేది!

వానలొచ్చాయి. ఒక పొద్దున పొదకింద గులాబిరంగు కుచ్చు మెత్తగా ఊగుతోంది.

"అయ్యో మరదలా, నీ తోక ఊడి మట్టిలో గుచ్చుకుందే!" అన్నాడు బుడ్డన్న.

చుక్కి పకపకా నవ్వింది. మొక్క బాగా గుబురెక్కాక ఒక పిలక విడదీసి బుడ్డన్నకి తెచ్చిచ్చింది.

"గుంటలో వేసేయనా?" అన్నాడతను ఆత్రంగా.

"గుంట నీ ఇల్లు బావా! దీనికి గట్టుమీద నీడ కావాలి. రా, ముందు దానికి నచ్చే చోటు వెతుకుదాం."

ఇద్దరూ గట్టు పట్టుకుని బయల్దేరారు.

నీతి: ఎవరినైనా సాకడమంటే మనకి ఇష్టమైంది పెట్టడం కాదు, వాళ్లకి సరిపడేదేమిటో చూసి పెట్టడం.