రాజుగారి నెయ్యి ఎక్కడిది?

ఒకానొక రాజ్యానికి సముద్రం లేదు. ఓడల సంఘం మాత్రం ఉండేది. దాన్ని స్థాపించినవాడు ఆ దేశపు రాజు ఉద్దండరాయలు. డబ్బు కట్టినవాడికి రాజముద్ర వేసిన తాటాకు ఒకటి ఇచ్చేవారు. ఆ ఆకే వాటా. ఏటా దసరాకు లాభం పంచేవారు. నిరుడు పది మాడలకు దొరికిన ఆకు ఈ ఏడు నలభై పలికింది. జనం పాడిగేదెల్ని అమ్మి మరీ ఆకులు కొన్నారు.

ఒకనాడు రాజుగారు సభలో సెలవిచ్చారు: "కరువు గాదెలో ధాన్యం ఊరికే మూలుగుతోంది. అమ్మి, ఆ సొమ్ముకు వాటాలు కొనండి."

విదూషకుడు కొమ్మన లేచాడు. కిందటి కరువులో ఆ గాదె గింజలతో బతికి బట్టకట్టినవాడతను.

"ప్రభూ, మన సంఘానికి ఓడలెన్ని? అప్పెంత?"

"ధర చూడవోయ్! నాలుగింతలైంది."

"ధరలో జనం ఆశ కనిపిస్తుంది ప్రభూ, ఓడ కనిపించదు. పోనీ, పంచుతున్న ఆ లాభం ఎక్కడిది?"

రాజుగారి మీసం అదిరింది. "ఎంత అని అడుగు, చెబుతాను. ఎక్కడిది అని ఈ రాజ్యంలో ఇకమీదట ఎవడూ అడగరాదు. అడిగితే కొరడా దెబ్బలే!"

నేను బి.కాం. చదివే రోజుల్లో మాకు పద్దులు నేర్పిన భుజంగరావు మేష్టారు నశ్యం పీలుస్తూ అనేవారు: "లాభం ఎంతో చూసి మురవకండ్రా, ఏ దారిన వచ్చిందో చూడండి. సరుకు అమ్మితే వచ్చిందా, అప్పు తెస్తే వచ్చిందా?" ఆయన తుమ్ములు గుర్తున్నంతగా ఆ మాట మాలో ఎవరికీ గుర్తుండలేదు. ఇప్పుడు టీవీలో కోటు తొడుక్కున్న కుర్రాళ్లు నిమిషానికోసారి ధర చెబుతారు. దారి సంగతి ఎత్తరు. సరే, కథలోకి వస్తాను.

ధాన్యం బళ్లకెత్తడానికి ముందురోజు కొమ్మన రాజుగారిని మధ్యాహ్నం భోజనానికి పిలిచాడు. సన్నబియ్యం అన్నం, ముద్దపప్పు, గోంగూర, బొబ్బట్లు, వాటి మీద పూసకట్టిన నెయ్యి. రాజుగారు మూడోసారి వడ్డించుకుని తేన్చారు.

"భేష్! నీలాంటి బీదవాడింట ఈ నెయ్యి ఎక్కడిదోయ్?"

కొమ్మన రెండు చెవులూ మూసుకున్నాడు. "శివశివ! ఎంత అని అడగండి ప్రభూ, చెబుతాను. ఎక్కడిది అని అడిగితే కొరడా దెబ్బలని ఆజ్ఞ. తమరిని ఎవరు కొట్టగలరు?"

"నీ చమత్కారం తగలెయ్య! చెప్పు."

"తమ వంటశాలదే. బియ్యం, పప్పు, బెల్లం, అన్నీ పొద్దున అక్కణ్ణుంచే తెప్పించాను."

"మరి అక్కడ?"

"ఏమీ మిగల్లేదు. రాణీగారికి ఇవాళ ఉపవాసం. మన సంఘమూ ఇలాగే వడ్డిస్తోంది ప్రభూ. నిన్న కట్టినవాడి విస్తట్లో ఇవాళ కట్టినవాడి సొమ్ము. ఉన్నది ఒకటే ఓడ, అదీ తాకట్టులో ఉంది. రేపు గాదె కూడా వడ్డించేస్తే ఎల్లుండి దేశమంతా ఉపవాసమే."

రాజుగారు కాసేపు బొబ్బట్టు వంక చూశారు. తర్వాత పొట్ట పట్టుకుని నవ్వారు. గాదె జోలికి పోవద్దని అక్కడికక్కడే ఆజ్ఞ ఇచ్చారు. కొమ్మనకు బహుమానంగా ఒక మోపెడు వాటాల ఆకులు పంపారు.

తన దగ్గరున్న మిగతా ఆకులన్నీ ఆయన ఆ వారంలోనే నలభై మాడల చొప్పున జనానికి అమ్మేసుకున్నారు. పాఠం బాగా తలకెక్కింది మరి.

దసరా వచ్చింది. లాభం రాలేదు. గేదెలు పోయిన జనం గింజల కోసం గాదె ముందు బారులు తీరారు. కొలిచి పోయిస్తున్న కొమ్మన ఉక్కపోతకు తాళలేక, రాజముద్రలున్న ఆకులతో అల్లిన విసనకర్రతో విసురుకుంటున్నాడు.

వరసలో ఉన్న ముసలమ్మ అడిగింది: "అయ్యా కొమ్మన్నా, ఆ విసనకర్ర ఎక్కడిది?"

కొమ్మన చెయ్యి ఆగిపోయింది. "ఆ మాట నిరుడు అడగాల్సింది తల్లీ," అని ఆమె చేటలో ఇంకో దోసెడు ఎక్కువ పోశాడు.