చెంగమ్మ తోడెయ్యని పెరుగు

వెనకటికి ఒక రాజ్యంలో రణధీరరాయుడనే దివాను ఉండేవాడు. ఆయనకు కొత్తదంటే పిచ్చి. ‘నిన్నటి చదువు రేపటికెందుకు?’ అని, బడిలోని పాత తాటాకు గ్రంథాలన్నీ శుక్రవారం నాడు నీళ్లకాగుల కింద మంటలో పెట్టమని చాటింపు వేయించాడు.

ఆ మాట దివాను ఇంటికి రోజూ పెరుగు పోసే చెంగమ్మ చెవిన పడింది. చిన్నప్పుడు బడి అరుగు మీద ముంత దించి, లోపలి పాఠాలు వింటూ నాలుగక్షరాలు నేర్చుకున్న మనిషామె. అయ్యవారు ఆమెను పొమ్మనలేదు సరికదా, పలక కూడా ఇచ్చాడు.

గురువారం మధ్యాహ్నం దివాను చివరి ముద్దలోకి పెరుగు వడ్డించుకోబోతే, చెంగమ్మ తెచ్చిన ముంతలోంచి విరిగిన పాలు జారాయి.

“ఏమిటే ఇది?” అని గుమ్మం దగ్గరున్న ఆమె మీద అరిచాడు.

“కొత్త పెరుగు దొరా. తమరి చాటింపు విన్నాక, నిన్నటి మజ్జిగ చుక్క తగలనివ్వలేదు.”

“బుద్ధుందా? ఆ చుక్క పడకుండా పాలెక్కడైనా తోడుకుంటాయా?”

“నాకూ అదే అనుమానం దొరా. కానీ పాత చదువు చుక్క తగలకుండానే బళ్లో పిల్లలు తోడుకుంటారని తమరన్నారు కదా, పాలూ తోడుకుంటాయేమోనని చూశాను.”

దివాను చేతిలో ముద్ద విస్తట్లో పెట్టి భటులను పిలిచాడు. “గ్రంథాల జోలికి పోకండి,” అన్నాడు వాళ్లతో. చెంగమ్మ వైపు తిరిగి, “నువ్వు మాత్రం రేపు గడ్డపెరుగు తే!”

సాయంత్రం అయ్యవారు కళ్లనీళ్లతో ఎదురొచ్చాడు. “నీ రుణం ఎలా తీర్చుకోను తల్లీ?”

“రుణం నాది అయ్యవారూ,” అంది చెంగమ్మ. “దివానుకు చెప్పిన మాట ఇవాళ్టిదే. అందులో పడ్డ చుక్క మీ అరుగు మీదిది.”